నరసాపురం రేవు ఆట, గోడో ఇంజిన్: నాలుగేళ్ళు వాడాక

నా ఆటలో మొదటి బోర్డు మీద "సఖినేటిపల్లి" అని ఉండాలి. ఆటలు తయారుచేసే గోడో ఇంజిన్లో 2021లో ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోయాను. స్క్రీన్ మీద "సఖినేటిపల్‌లి" అని వచ్చేది. ల కింద ల వత్తు పడాల్సింది పోయి, పొల్లు ఒకటి, పక్కన లి ఒకటి విడివిడిగా నిలబడేవి. "వశిష్ఠ" కూడా అంతే, "వశిష్‌ఠ". మా ఊరు దాటి అవతలి ఒడ్డు పేరు, మధ్యలో ఉన్న ఏటి పేరు, రెండూ తప్పుగా రాసే ఇంజిన్‌తో మా రేవు మీద ఆట ఎలా చేయాలి? అప్పుడే వదిలేసి ఉంటే ఈ రివ్యూ ఉండేది కాదు. వదల్లేదు. ఎందుకు వదల్లేదో, ఇప్పుడు అదే ఇంజిన్‌ని నా తోటివాళ్ళకి ఎందుకు చెబుతున్నానో రాస్తాను.

నేనుండేది నరసాపురంలో. పగలంతా హైదరాబాద్‌లోని ఒక ఆఫీసుకి ఇంటినుంచే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాస్తాను. అది జీతం పని. రాత్రి తొమ్మిదిన్నరకి అన్నాలయ్యి, గిన్నెలు సర్దాక నాకంటూ ఓ గంటన్నర మిగులుతుంది. ఆ గంటన్నరల్లో నాలుగేళ్ళుగా మూడు పనులు చేసుకుంటూ వచ్చాను. ఒకటి అమ్మ లేసు అల్లేటప్పుడు వరసలు లెక్కపెట్టే చిన్న యాప్. రెండోది మనుషుల్నీ బళ్ళనీ ఏరు దాటించే పంటు ఆట. మూడోది కాలవ లాకుల ఆట, అదింకా పూర్తి కాలేదు. మూడూ గోడో అనే ఇంజిన్‌లోనే చేశాను. స్పెల్లింగ్ చూసి మనవాళ్ళు చాలామంది గోడాట్ అంటారు, ఏదన్నా ఫరవాలేదు.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. గోడోని అర్జెంటీనాకి చెందిన హువాన్ లినియెట్‌స్కీ, ఏరియల్ మంజూర్ మొదలుపెట్టారు. 2014లో ఎంఐటీ లైసెన్స్ కింద సోర్సుతో సహా అందరికీ ఇచ్చేశారు. అంటే వాడుకోవడానికి డబ్బు కట్టక్కర్లేదు, మన ఆట అమ్ముకుంటే వాటా ఇవ్వక్కర్లేదు, లాగిన్ అవ్వక్కర్లేదు. ఇప్పుడు విరాళాల మీద, ప్రపంచమంతా ఉన్న ప్రోగ్రామర్ల పని మీద నడుస్తోంది. ఎడిటర్ జిప్ ఫైలు వంద ఎంబీ లోపే. ఇన్‌స్టాల్ అనే పనే లేదు, జిప్ విప్పి డబుల్ క్లిక్ చేస్తే తెరుచుకుంటుంది. మా ఇంట్లో నెట్ సాయంత్రం ఏడు నుంచి పది దాకా నత్తలా నడుస్తుంది. నేను మొదట దీన్ని తీసుకోవడానికి కారణం అదే. మిగతా ఇంజిన్లు జీబీలకి జీబీలు దింపమన్నాయి, ఇది టీ తాగి వచ్చేలోపు దిగిపోయింది.

నా లాప్‌టాప్ పాతది. ఐ3, 8 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. గోడో 4లో కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టేటప్పుడు తెర మీద బొమ్మలు గీసే రెండరర్ ఏదో అడుగుతుంది: ఫార్వర్డ్ ప్లస్, మొబైల్, కంపాటిబిలిటీ. మొదటి రెండూ వల్కన్ లాంటి కొత్త గ్రాఫిక్స్ దారుల మీద నడుస్తాయి, కంపాటిబిలిటీ ఓపెన్‌జీఎల్ మీద నడుస్తుంది. నాలాంటి మెషీన్ ఉన్నవాళ్ళు, 2డీ ఆట చేసేవాళ్ళు, తక్కువ ఖరీదు ఫోన్లలో ఆడించాలనుకునేవాళ్ళు మారుమాట లేకుండా కంపాటిబిలిటీ పెట్టుకోండి. నాకు ఫ్యాన్ మోత తగ్గింది, ఎడిటర్ సాఫీగా నడిచింది. ఇది ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఒక వారం మిగిలేది.

ఇక పంటు ఆట సంగతి. నరసాపురం నుంచి సఖినేటిపల్లికి వశిష్ఠ మీద పంటు దాటుతుంది. మనుషులు, మోటారు సైకిళ్ళు, ఆటోలు, కార్లు అన్నీ దానిమీదే. నాన్న ఆ రేవులో చాలా ఏళ్ళు టికెట్లు ఇచ్చారు. చిన్నప్పుడు సెలవుల్లో ఆయన కేరేజీ పట్టుకెళ్ళి, రెండు మూడుసార్లు అటూ ఇటూ దాటి వచ్చేదాన్ని. పంటు మీదికి బళ్ళు ఎక్కించే మనిషి చేయి ఊపే తీరు నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టు ఉంటుంది. "రా, రా, కొంచెం కుడికి, చాలు, ఇంజన్ ఆపు." ఆట అదే. గట్టు మీద బళ్ళు వరసగా వస్తాయి, ఏది ముందు, ఏది ఎక్కడ పెట్టాలో మనం చూసుకోవాలి. పంటు ఒక పక్కకి వాలితే దాటదు.

మొదట నేను చేసిన తప్పు, వాలడాన్ని ఇంజిన్‌లోని ఫిజిక్స్‌కి వదిలేయడం. పంటుని ఒక రిజిడ్ బాడీగా (ఫిజిక్స్ కదిలించే గట్టి వస్తువుగా) పెట్టి, బళ్ళని దానిమీద మరికొన్ని రిజిడ్ బాడీలుగా పేర్చాను. అంతా వణికింది. ఆటో నిలబడిన చోట నిలబడక జరుగుతూ పోయేది. నాన్న పక్కన కూర్చుని చూసి, "పంటు ఇలా ఎగరదమ్మా. నీళ్ళు దాన్ని పట్టుకునుంటాయి. మెల్లిగా ఒరుగుతుంది, మెల్లిగా లేస్తుంది" అన్నారు. ఆ మాటతో ఫిజిక్స్ తీసేశాను.

తర్వాత రాసింది చిన్న లెక్క. ప్రతి బండికీ బరువు, పంటు మధ్యగీత నుంచి దూరం. రెండూ గుణించి, ఎడమవైపు మొత్తం, కుడివైపు మొత్తం చూసుకోవాలి. ఒక ఆటో 400 కిలోలు అనుకుని, మధ్యగీతకి ఎడమగా 3 మీటర్ల దూరంలో పెడితే 1200. దానికి సరిపోవాలంటే కుడివైపు 2 మీటర్ల దూరంలో వంద కిలోల మోటారు సైకిళ్ళు ఆరు పెట్టాలి. అదే ఆటోని మధ్యకి ఒక మీటరు దూరానికి తెస్తే 400 మాత్రమే, రెండు బళ్ళు పెడితే సరిపోతుంది. నాన్న ఎప్పుడూ అనే "బరువు ముందు మధ్యకి తేవాలి, పక్కలు ఆ తర్వాత" అన్న మాట అచ్చంగా ఈ లెక్కే. గోడో సొంత భాష జీడీస్క్రిప్ట్‌లో ఇది పదకొండు లైన్లు. పైథాన్ చూసినవాళ్ళకి ఆ భాష చదవగానే అర్థమవుతుంది, లైన్లు లోపలికి జరిపి రాయడం కూడా అలాగే. వచ్చిన తేడాని బట్టి పంటు కోణాన్ని ఒకేసారి మార్చకుండా కొద్దికొద్దిగా ఆ వైపుకి జరిపాను. రెండో రోజు నాన్న చూసి, "ఆయ్, ఇప్పుడు పంటులా ఉంది" అన్నారు.

నది ఊరికే ఉండదు కదా. నరసాపురం దగ్గర వశిష్ఠకి సముద్రపు పోటు తగులుతుంది. పోటుకీ పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అమావాస్య, పౌర్ణమికి పోటూ ఎక్కువే, ఆటూ ఎక్కువే. ఆటు సమయంలో నీళ్ళు దిగితే రేవు వాలు నిలువుగా అవుతుంది, ఇసుక మేటలు పైకి తేలతాయి. దీన్ని ఆటలో పెట్టడానికి అలలా పైకీ కిందికీ ఊగే సైన్ ఫంక్షన్ ఒకటి చాలింది. ఆటలో ఒక రోజు ఆరు నిమిషాలు, ఆ ఆరు నిమిషాల్లో నీళ్ళు రెండుసార్లు లేచి రెండుసార్లు దిగుతాయి. నీళ్ళు దిగినప్పుడు బరువైన బండి ఎక్కించబోతే జారుతుంది. ఇలాంటి చిన్న ఆలోచన రాత్రి పదికి వస్తే, పదకొండుకల్లా స్క్రీన్ మీద చూసుకోవచ్చు. గోడోలో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. ఎఫ్5 నొక్కితే ఆట మొదలవుతుంది, ఆట నడుస్తుండగానే సంఖ్యలు మార్చి చూడొచ్చు, మధ్యలో ఎదురుచూపులు లేవు.

దీని పని తీరు కూడా నా తలకి బాగా ఎక్కింది. ప్రతిదీ ఒక సీన్. ఆటో ఒక సీన్, అందులో బొమ్మ, చక్రాల చప్పుడు, బరువు సంఖ్య. పంటు ఇంకో సీన్. పంటు సీన్‌లోకి ఆటో సీన్‌ని తెచ్చి పెట్టుకుంటాం. ఆటోలో ఏదైనా మారిస్తే అన్ని లెవెల్స్‌లోని ఆటోలూ మారతాయి. ఒకదానికొకటి కబురు చెప్పుకోవడానికి సిగ్నల్స్ ఉంటాయి. "నేను ఎక్కేశాను" అని ఆటో చెబుతుంది, పంటు విని లెక్క వేసుకుంటుంది. ఆటోకి పంటు గురించి ఏమీ తెలియక్కర్లేదు. ఇంకో మంచి సంగతి, సీన్లన్నీ మామూలు టెక్స్ట్ ఫైళ్ళు. ఫైళ్ళలో మార్పులన్నీ దాచి చూపించే గిట్‌లో పెడితే నిన్నటికీ ఇవాళ్టికీ ఏ లైను మారిందో చదివి చూసుకోవచ్చు.

2022 జూలైలో గోదావరి పొంగింది. ధవళేశ్వరం బ్యారేజీ నుంచి పాతిక లక్షల క్యూసెక్కులకి పైగా నీళ్ళు వదిలారు. పంటు ఆగిపోయింది. లంకల్లో చుట్టాలు మా ఇంటికి వచ్చేశారు, ఇంట్లో పదకొండు మందిమి. లాప్‌టాప్ అటక మీదికి ఎక్కింది. ఆ తర్వాత ఆఫీసు పని, అమ్మకి మోకాలు ఆపరేషను. మొత్తం మీద అయిదు నెలలు ఆట ముట్టుకోలేదు. డిసెంబరులో ఒక రాత్రి దింపి తెరిచాను. తెరుచుకుంది. అప్‌డేట్ అడగలేదు, లైసెన్సు అడగలేదు, పాస్‌వర్డ్ అడగలేదు. నేను వదిలిన చోట, మూడో లెవెల్‌లో, ఒక ట్రాక్టర్ గట్టు మీద నా కోసం నిలబడి ఉంది.

సొంత పనులు చేసుకునేవాళ్ళకి ఇంతకంటే ముఖ్యమైన గుణం లేదని నా నమ్మకం. జీతం పనికి రోజూ కూర్చుంటాం, పనిముట్టు మారుతూ పోయినా మనమూ దాంతోపాటు నడుస్తాం. రాత్రి గంటన్నరల్లో చేసే పని అలా కాదు. పెళ్ళిళ్ళు వస్తాయి, వరదలు వస్తాయి, పిల్లల పరీక్షలు వస్తాయి. నెలలకి నెలలు పని ఆగుతుంది. తిరిగి వచ్చేసరికి పనిముట్టు మనల్ని గుర్తుపట్టాలి. గోడోలో దానికి ఒక చిన్న పద్ధతి ఉంది, నేను తప్పకుండా పాటిస్తాను. ఏ వెర్షన్‌తో ప్రాజెక్టు మొదలుపెట్టానో ఆ ఎక్సీ ఫైల్‌ని ప్రాజెక్టు ఫోల్డర్ పక్కనే దాస్తాను. ఇన్‌స్టాల్ లేదు కాబట్టి ఎన్ని వెర్షన్లయినా పక్కపక్కన ఉంచుకోవచ్చు.

ఇక తెలుగు సంగతికి వస్తాను. గోడో 3 సిరీస్‌లో అక్షరాలు ఒకదాని తర్వాత ఒకటి పెట్టుకుంటూ పోయేది తప్ప, వాటిని కలిపి వత్తులు కట్టడం దానికి చేతకాదు. నేను దారి వెతుక్కున్నాను. ప్రతి మాటనీ బొమ్మలు గీసే ప్రోగ్రాంలో టైప్ చేసి, బొమ్మగా దాచి, ఆటలో అతికించాను. అలా 63 బొమ్మలయ్యాయి. నాన్న ఒకరోజు "బైక్ అంటావేంటి, మోటార్ సైకిల్ అను" అంటే ఆ మాట ఉన్న తొమ్మిది బొమ్మలూ మళ్ళీ చేశాను.

2023 మార్చి 1న గోడో 4.0 వచ్చింది. అందులో అక్షరాలు కట్టే పనిని కొత్తగా రాశారు. హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీని ఇందులో కలిపారు. తెలుగు, తమిళం, అరబిక్ లాంటి లిపుల్లో అక్షరాలు ఎలా కలవాలో ఫాంట్ చెప్పిన ప్రకారం కట్టేది అదే. దిగిన రాత్రే ఖాళీ ప్రాజెక్టు తెరిచి, ఒక లేబుల్ పెట్టి, మండలి ఫాంట్ తగిలించి "సఖినేటిపల్లి" అని కొట్టాను. ల కింద ల వత్తు. కింద "వశిష్ఠ" కొట్టాను. ష కింద ఠ వత్తు. తర్వాత "స్త్రీలకు మాత్రమే" కొట్టాను, సకి త వత్తు, ర వత్తు రెండూ సరిగ్గా కుదిరాయి. పదకొండున్నరకి అమ్మని లేపి చూపించాను. అమ్మ కళ్ళు నులుముకుని చదివి, "బాగానే ఉందిగా, దీనికి లేపావా?" అంది. అమ్మకి అది బోర్డు మీద మామూలు మాట. ఇంజిన్‌లో కూడా మామూలు మాటైనందుకే నా సంతోషం.

తెలుగులో ఆట చేసేవాళ్ళకి ఇక్కడ మూడు విషయాలు చెప్పాలి. ఇంజిన్‌తో వచ్చే ఫాంట్‌లో తెలుగు అక్షరాలు లేవు. మీ కంప్యూటర్లో ఉన్న తెలుగు ఫాంట్‌ని వెతికి చూపిస్తుంది కాబట్టి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది, వేరే చోట ఆడితే డబ్బాలు రావచ్చు. ఫాంట్ ఫైల్‌ని ప్రాజెక్టులోనే పెట్టి, థీమ్‌లో మొత్తానికీ అదే తగిలించండి. మండలి, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు, అన్నీ ఆటలో కలిపి ఇచ్చుకోవడానికి వీలున్న లైసెన్సుతోనే దొరుకుతాయి. నేను మాటలకి మండలి, బోర్డులకి రామభద్ర వాడాను.

రెండోది, మాటలు ఒక్కొక్క అక్షరంగా టైప్ అవుతూ కనిపించే పద్ధతి. ఇంగ్లీషులో సులువు. తెలుగులో "ఎక్కించు" అని రావాలంటే ముందు ఎ, తర్వాత క, ఆ క మీద పొల్లు, ఆ పొల్లు పోయి కింద క వత్తు, ఆ తర్వాత గుడి. చదివేవాళ్ళ కళ్ళ ముందు అక్షరం నాలుగుసార్లు రూపం మార్చుకుంటుంది. చూడటానికి చాలా ఇబ్బంది. లేబుల్ సెట్టింగుల్లో కనిపించే అక్షరాలని లెక్కపెట్టే పద్ధతి ఒకటి ఉంటుంది. అక్కడ అక్షరాలు కట్టకముందు లెక్కపెట్టమని ఉన్నదాన్ని, కట్టాక లెక్కపెట్టమని మార్చండి. ఇది వెతికి పట్టుకోవడానికి నాకు రెండు రాత్రులు పట్టింది.

మూడోది, ఆటలో మాటలన్నీ కోడ్‌లో కాకుండా ఒక సీఎస్‌వీ అనే పట్టిక ఫైల్లో పెట్టుకోండి. ఒక వరుసలో తెలుగు, పక్కన ఇంగ్లీషు. గోడో దాన్ని నేరుగా తీసుకుంటుంది. ఫైలు యూటీఎఫ్-8లో ఉండాలి, అంతే. ఇప్పుడు నాన్న తన ఫోన్లోనే ఆ పట్టిక తెరిచి మాటలు దిద్దుతారు. "దిగేవాళ్ళు ముందు దిగండి, ఎక్కేవాళ్ళు ఆగండి" అన్న మాట ఆయన రాసిందే. అంతర్వేది తీర్థం లెవెల్‌లో మాటలన్నీ ఆయనవే. భీష్మ ఏకాదశికి రథోత్సవం చూడటానికి జనం విరగబడి దాటే రోజు అది. ఆ రోజు రేవులో వినబడే మాటలు నేను ఊహించి రాయలేను.

లోపాలు కూడా రాయాలి. 3 నుంచి 4కి మారడం పెద్ద పని. పేర్లే మారిపోయాయి. స్ప్రైట్ కాస్తా స్ప్రైట్2డీ అయింది, కైనమాటిక్ బాడీ పోయి కారెక్టర్ బాడీ వచ్చింది, యీల్డ్ అన్నచోటల్లా అవెయిట్ రాయాలి. మార్చిపెట్టే సాధనం ఒకటి ఇచ్చారు, అది కొంత చేస్తుంది, మిగతాది చేత్తో చేసుకోవాలి. నేను ముందు కాపీ తీసుకోకుండా తొందరపడి అసలు ఫోల్డర్ మీదే నడిపాను. గిట్‌లో ఎక్కించని పది రోజుల పని పోయింది. తప్పు నాదే, కానీ మీరు చేయకండి. నా సలహా ఏమిటంటే, 3లో పూర్తయ్యేలా ఉన్న ఆటని 3లోనే పూర్తి చేయండి. తెలుగు కావాలంటే మాత్రం 4 తప్ప దారి లేదు. 4 లోపల కూడా కొన్ని మారుతూ ఉన్నాయి. నేల, నీళ్ళు గళ్ళుగళ్ళుగా పేర్చే టైల్‌మ్యాప్ బదులు 2024లో వచ్చిన 4.3లో టైల్‌మ్యాప్ లేయర్ తెచ్చారు. పాతది ఇంకా పనిచేస్తుంది, కానీ కొత్త పాఠాలన్నీ కొత్తదాని మీదే. నెట్‌లో సందేహం వెతికితే సగం జవాబులు 3వి, సగం 4వి. కొత్తవాళ్ళు ఇక్కడే ఎక్కువ అవస్థ పడతారు. అధికారిక డాక్యుమెంటేషన్ బాగుంటుంది, పైన వెర్షన్ చూసుకుని చదవండి.

ఆండ్రాయిడ్‌కి ఎక్స్‌పోర్ట్ చేయడం ఇంకో మెట్టు. ఎడిటర్ చిన్నదే గానీ ఎక్స్‌పోర్ట్ టెంప్లేట్లు విడిగా దింపాలి, అవి దాదాపు ఒక జీబీ. ఆపైన యాప్ తయారీకి కావాల్సిన ఓపెన్ జేడీకే 17, ఆండ్రాయిడ్ ఎస్‌డీకే పెట్టుకుని, వాటి దారి ఎడిటర్‌కి చూపించాలి. కీస్టోర్ అని ఒక తాళం ఫైలు తయారు చేసుకోవాలి. ఒక శనివారం మొత్తం దీనికి పోతుంది, ముందే సిద్ధపడండి. ఆ కీస్టోర్ పోతే తర్వాతి అప్‌డేట్‌కి తిప్పలు పడాలి. నాది రెండు పెన్ డ్రైవ్‌లలో ఉంది, ఒకటి అమ్మ దారపు ఉండల డబ్బా అడుగున.

ప్లే స్టోర్‌లో పెట్టడానికి 25 డాలర్లు ఒకసారి కట్టాలి. 2023 నవంబరు 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతాలకి ఇంకో నియమం ఉంది. ఆటని అందరికీ విడుదల చేసేముందు, మొదట్లో 20 మంది, ఇప్పుడు 12 మంది టెస్టర్లు వరసగా 14 రోజులు టెస్ట్‌లో ఉండాలి. పన్నెండు మంది ఎక్కడ దొరుకుతారా అని నాకు టెన్షన్. పిన్ని కొడుకులు ఇద్దరు, మా వీధి చివర ఆటో నడిపే అన్నయ్య, అమ్మతో లేసు పని చేసే ముగ్గురు ఆడవాళ్ళు, నాన్న పాత స్నేహితుడు సరంగు గారు, ఇలా పద్నాలుగు మందిని పోగేశాను. ఇద్దరు ఎక్కువ ఉండటం మంచిదైంది, ఒకరు ఫోన్ మార్చి మధ్యలో తప్పుకున్నారు. సరంగు గారి ఫోన్లో ఆడుతుంటే పక్కన నిలబడి చూశాను. ఆయన బళ్ళు ఎక్కించడానికి ముందు నీళ్ళ మట్టం చూశారు. నేను చేసిన ఆటలో నీళ్ళ మట్టాన్ని ముందుగా చూసిన మొదటి మనిషి ఆయన. తర్వాత "వరద వస్తే ఆగదా ఇది?" అని అడిగారు. ఆ వారమే ధవళేశ్వరం వరద హెచ్చరికలు పెట్టాను. 11.75 అడుగులకి మొదటిది, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటిది పడితే సగం బరువే ఎక్కించాలి, రెండోది పడితే పంటు ఆగుతుంది, గట్టు మీద ఉన్నవాళ్ళకి కబురు చెప్పడమే పని.

బ్రౌజర్‌లో ఆడించడం గురించి ఒక్క మాట. 4.0 నుంచి 4.2 దాకా వెబ్‌లో పెట్టాలంటే సర్వర్ ప్రత్యేకంగా కొన్ని హెడర్లు (పేజీతోపాటు వెళ్ళే సూచనలు) పంపాల్సి వచ్చేది. 4.3లో ఒకే థ్రెడ్‌తో నడిచే పద్ధతి తిరిగి తెచ్చాక ఆ బాధ పోయింది. ఇప్పుడు ఆటలు పంచుకునే సైటు ఇచ్.ఐఓలో జిప్ ఎక్కిస్తే చాలు.

అమ్మ యాప్ గురించి చెప్పకుండా ఆపలేను. నరసాపురం లేసు అందరికీ తెలిసిందే. అమ్మ ఇరవై ఏళ్ళుగా అల్లుతోంది. టేబుల్ గుడ్డకి ఒక పువ్వు అల్లాలంటే ఏ వరసలో ఎన్ని కుట్లో గుర్తుండాలి. మధ్యలో ఎవరైనా పలకరిస్తే లెక్క తప్పుతుంది, విప్పి మళ్ళీ అల్లాలి. నేను చేసింది ఒకే పెద్ద బటన్. కుడిచేతిలో సూది ఉంటుంది కాబట్టి ఎడమ బొటనవేలికి అందేలా కింద ఎడమ మూలన పెట్టాను. నొక్కితే లెక్క ఒకటి పెరుగుతుంది, ఫోన్ సన్నగా వణుకుతుంది. చూడక్కర్లేదు, తెలుస్తుంది. వరస పూర్తయితే రెండుసార్లు వణుకుతుంది.

దీన్ని ఆటల ఇంజిన్‌లో చేయడం ఎందుకని అడగొచ్చు. నాకు తెలిసిన పనిముట్టు అదే, రెండు రాత్రుల్లో అయిపోయింది. ఒక లోపం మాత్రం ఉంది. ఆటల ఇంజిన్ సెకనుకి అరవైసార్లు తెర గీస్తూనే ఉంటుంది. గంటసేపు వాడితే అమ్మ ఫోన్ వేడెక్కేది. ప్రాజెక్టు సెట్టింగుల్లో లో ప్రాసెసర్ మోడ్ అని ఉంది, అది టిక్ చేస్తే ఏదైనా మారినప్పుడే తెర గీస్తుంది. ఫోన్ చల్లబడింది. యాప్ సైజు మాత్రం తగ్గదు. ఒక బటన్, ఒక సంఖ్య ఉన్న యాప్ పాతిక ఎంబీ దాటింది. అమ్మతో పనిచేసే ముగ్గురూ ఇప్పుడు అదే వాడుతున్నారు. అందులో ఒకావిడ "లెక్క తప్పితే వెనక్కి తిప్పేది పెట్టమ్మా" అని అడిగారు. పెట్టాను. నాలుగేళ్ళలో నేను రాసిన కోడ్‌లో రోజూ పనికొచ్చేది ఆ వెనక్కి తిప్పే బటనే.

ఖరీదు సున్నా. అయినా నేను పనికొచ్చే దేనికైనా అంతో ఇంతో ఇవ్వాలని పెరిగినదాన్ని. నెలకి అయిదు యూరోలు గోడో ఫౌండేషన్‌కి పంపుతున్నాను. అయిదుకి ఎన్ని మార్కులంటే నాలుగున్నర ఇస్తాను. ఆ అర మార్కు ఆండ్రాయిడ్ ఎక్స్‌పోర్ట్ దగ్గర తగ్గించాను. త్రీడీలో పెద్ద ఆటలు చేయాలనుకునేవాళ్ళకి నేను చెప్పగలిగింది లేదు, నేను చేయలేదు. 2డీ ఆటకి, చిన్న చిన్న ఇంటి యాప్‌లకి, తెలుగులో మాటలు ఎక్కువుండే పనికి కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు. కాలేజీ పిల్లలు అడిగితే 4లో తాజా స్థిరమైన వెర్షన్ దింపుకోమని, మొదటి నెల ఎక్స్‌పోర్ట్ జోలికి వెళ్ళొద్దని చెబుతున్నాను.

లాకుల ఆట సగంలో ఉంది. కాటన్ దొర 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరంలో ఆనకట్ట కట్టించాక, ఆ నీళ్ళు పారిన కాలవల మీద పడవలు కూడా నడిచాయి. పై కాలవకీ కింది కాలవకీ మట్టం తేడా ఉన్నచోట లాకు. పడవ లోపలికి వస్తుంది, వెనక తలుపు మూస్తారు, నీళ్ళు వదులుతారు, మట్టం సమానమయ్యాక ముందు తలుపు తెరుస్తారు. విజ్జేశ్వరం నుంచి నరసాపురం దాకా ఒక పడవని తేవడం ఆట. పోయిన వారం నాలుగు నెలల తర్వాత ఆ ఫోల్డర్ తెరిచాను. మొదటి లాకులో నీళ్ళు నిండుతున్నాయి. తలుపు మట్టం సమానం కాకముందే తెరుచుకుంటోంది, అదొక తప్పు మిగిలిపోయింది. నాన్న అది చూసి, "అప్పుడు ఎంతమంది తోస్తే మాత్రం తలుపు తెరుచుకుంటుందా? నీళ్ళు పట్టుకునుంటాయి కదా" అన్నారు. ఈ శనివారం ఆయనతో పాత లాకుల దాకా వెళ్ళి, తలుపు తిప్పే చక్రం ఎన్ని చుట్లు తిరగాలో కనుక్కుని వస్తాను.